మంచులో కారు దిగబడితే: చలికాలంలో మనాలి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. క్రిస్మస్ సెలవులకో సంక్రాంతి సెలవులకో మనాలి బయల్దేరుతున్న బంధువులు, ఆఫీసు స్నేహితులు, వాళ్ల స్నేహితులు. కొందరు హైదరాబాద్‌లో ఉండగానే అడుగుతారు. కొందరు మనాలి పైనున్న సోలాంగ్ దాటాక, చక్రాలు గిర్రున తిరుగుతుంటే, వణుకుతూ అడుగుతారు. నా కారు కూడా ఆ దారిలో దిగబడింది కాబట్టి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఇన్నేళ్లుగా వచ్చిన ప్రశ్నలన్నీ అడిగినవాళ్ల మాటల్లోనే ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. ఇప్పుడే మంచులో ఇరుక్కున్నవాళ్లు మిగతాది వదిలేసి ‘దిగబడ్డాక’ అన్న భాగం చదవండి.

## బయల్దేరే ముందు

చలికాలంలో సొంత కారులో మనాలి వెళ్లొచ్చా? అక్కడ ట్యాక్సీ మాట్లాడుకోవడం మేలా?

మనాలి ఊరి వరకు చాలా రోజులు మామూలు కార్లు బాగానే వెళ్తాయి. ఇబ్బందంతా ఊరు దాటాకే. మనాలి ఎత్తు దాదాపు 2,050 మీటర్లు, అటల్ టన్నెల్ దక్షిణ ద్వారం ఎత్తు 3,060 మీటర్లు. ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలోనే సుమారు వెయ్యి మీటర్లు ఎక్కేస్తాం. కింద సన్నటి వాన పడుతుంటే పైన మోకాలి లోతు మంచు పడుతూ ఉండొచ్చు.

ఇంతకు ముందు 3,978 మీటర్ల ఎత్తులో ఉన్న రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే అవతలి లాహౌల్ లోయ వైపు దారే ఉండేది కాదు. 2020 అక్టోబరు 3న ఆ కనుమ కిందుగా 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ ప్రారంభమయ్యాక, ఎప్పుడూ మంచు చూడని డ్రైవర్లు కూడా జనవరిలో మూడు వేల మీటర్ల ఎత్తుకు సులువుగా చేరిపోతున్నారు. మీ కారు మనాలిలో పెట్టి, మంచు చూడటానికి వెళ్లే ఆ ఒక్క రోజుకు స్థానిక డ్రైవరున్న ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలనూ ఇంజన్ తిప్పే బండి) మాట్లాడుకోండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. మంచు ఎక్కువైన రోజుల్లో పోలీసులు మనాలి దాటగానే వచ్చే నెహ్రూ కుండ్ దగ్గరే మామూలు కార్లను ఆపేసి, ఫోర్ బై ఫోర్ బండ్లనే పైకి వదులుతారు. అక్కడ వాళ్లతో వాదనకు దిగకండి.

మాది ఎస్‌యూవీ. మాకేం ఇబ్బంది ఉండదు కదా?

కారు ఎత్తుగా ఉండటం వేరు, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందటం వేరు. క్రెటా, బ్రెజా చూడటానికి ఎస్‌యూవీలే అయినా ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. ఇన్నోవా క్రిస్టాకు వెనక చక్రాలు తిరుగుతాయి. జిమ్నీలో నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. థార్‌లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి అద్దెకు తీసుకునేటప్పుడు అడిగి తెలుసుకోండి.

ఒకవేళ ఫోర్ బై ఫోర్ అయినా, అది మిమ్మల్ని ముందుకు నడిపించడానికే పనికొస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఆపేది టైరే. గట్టి మంచు మీద థారూ ఆల్టో లాగే జారుతుంది. ఎంతో ధైర్యంగా ఎక్కేసిన పెద్ద బండ్లు దిగేటప్పుడు పక్క కాలువలో పడటం నేను కళ్లారా చూశాను.

స్నో చైన్లు కొనాలా? ఏ చక్రాలకు వేయాలి?

పొలంలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రాలు ఎందుకు వేస్తారో తెలుసుగా? రబ్బరు టైరు బురదలో ఊరికే తిరుగుతుంది, ఇనుప పట్టీలు కిందికి దిగి పట్టు దొరికించుకుంటాయి. టైరుకు చుట్టే ఇనుప గొలుసులు, అంటే ఈ చైన్లు, చేసేదీ అదే పని. ఇంజన్ ఏ చక్రాలను తిప్పుతుందో వాటికే వేయాలి: స్విఫ్ట్, ఐ20, క్రెటా లాంటివాటికి ముందు, క్రిస్టా లాంటివాటికి వెనక. పొరపాటున రెండో జతకు వేస్తే వాటివల్ల కారు కదలదు.

టైరు పక్కన ముద్రించిన సైజు చూసి, దానికి సరిపోయేవే తీసుకోండి. ముందుగా ఇంటి దగ్గర పార్కింగ్‌లో రెండుసార్లు వేసి తీసి చూడండి. గడ్డకట్టిన వేళ్లతో, చీకట్లో, మొదటిసారి కొక్కెం తగిలించడం ఎంత కష్టమో అప్పటిదాకా తెలియదు. చైన్లతో 30, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. మంచు లేని తారు రోడ్డు రాగానే విప్పేయాలి, లేకపోతే చైనూ తెగుతుంది, టైరూ పాడవుతుంది.

టైర్లు ఇంకో ఏడాది వస్తాయని మెకానిక్ చెప్పాడు. సరిపోతాయా?

హైదరాబాద్ రోడ్లకు సరిపోతాయేమో. మన దేశంలో చట్టం ప్రకారం టైరు గాడి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. మంచులో మాత్రం 4 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే గాడి వెంటనే నిండిపోయి, టైరు నున్నటి బిళ్లలా మారుతుంది. పైగా మన మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే తక్కువ చలిలో గట్టిపడి పట్టు కోల్పోతుంది. నేను మొదటిసారి ఇరుక్కున్నది అద్దె కారులో. తీసుకునేటప్పుడు రంగూ సీట్లూ చూశానే తప్ప, వంగి టైర్లు చూడలేదు.

ఇక్కడే సర్వీసింగ్ చేయించాను. ఇంకా ఏం చూడాలి?

అన్నిటికంటే ముందు రేడియేటర్. మన దగ్గర కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోసేయడం చాలామందికి అలవాటు. ఇక్కడ ఏమీ కాదు. అక్కడ రాత్రి సున్నా కంటే పది డిగ్రీలు కిందికి పడిపోతే ఆ నీళ్లు గడ్డకట్టి, వ్యాకోచించి, ఇంజన్ బ్లాకునే పగలగొట్టొచ్చు. పాతది తీసేయించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోయించండి.

బ్యాటరీకి మూడేళ్లు దాటితే పరీక్ష చేయించండి, చలిలో దాని బలం బాగా తగ్గిపోతుంది. అద్దం కడిగే ట్యాంకులోనూ ఉత్త నీళ్లు ఉంచకండి. డీజిల్ కారైతే ఇంకో సంగతి ఉంది: చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేకమైన డీజిల్ తెచ్చింది. హైదరాబాద్‌లోనో నాగ్‌పూర్‌లోనో నింపిన ట్యాంకుతో పైకి వెళ్లకుండా, కుల్లూ మనాలి ప్రాంతంలోనే నింపుకోండి. ట్యాంకు సగం కంటే తక్కువ ఉండగా మనాలి దాటొద్దు.

డిక్కీలో ఏమేం పెట్టుకోవాలి?

పొట్టి కర్ర ఉన్న చిన్న పార, టో చేసే బెల్టు, చైన్లు, తల మీద పెట్టుకునే టార్చి, రబ్బరు గ్లౌజులు. ఒక సంచిలో నాలుగు కేజీల ఇసుక. మనిషికో దుప్పటి, మనిషికో జత పొడి సాక్సులు. తాగే నీళ్లు డిక్కీలో కాదు, మనుషుల మధ్య ఉంచుకోండి, లేకపోతే గడ్డకడతాయి.

తిండి విషయంలో చాలామంది పులిహోర, చపాతీలు తెస్తారు. రాత్రికల్లా అవి చల్లబడి గట్టిపడి పిల్లలు ముట్టరు. పల్లీ చిక్కీ, నువ్వుల ఉండలు, ఖర్జూరాలు మేలు. చలిలో శరీరానికి కావలసిన బలం వాటిలోనే ఉంది, ఎంత చలికైనా చెడిపోవు.

హెచ్చరిక ఉందంటున్నారు, హోటల్ వాళ్లేమో ‘ఏం కాదు, వెళ్లండి’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

వాతావరణ శాఖ మాట. సిమ్లాలోని వాతావరణ కేంద్రం రోజూ జిల్లాల వారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. మనాలి ఉన్న కుల్లూకో, టన్నెల్ అవతలి లాహౌల్‌స్పితికో నారింజ ఉంటే నేను మనాలి దాటను. ఎరుపు ఉంటే హోటల్ గది దాటను. గది ఖాళీ కాకూడదనో, ట్రిప్పు పోకూడదనో చెప్పేవాళ్లు రాత్రి మీతో కారులో ఉండరు.

## దారిలో

మంచు పడటం మొదలైంది. పిల్లలు ‘ఇంకాసేపు’ అంటున్నారు. ఎప్పుడు వెనక్కి తిరగాలి?

రోడ్డు మీద నల్లటి తారు కనిపిస్తున్నంతసేపే మీ చేతిలో ఉంది. టైరు గుర్తులు తెల్లగా మారాయంటే అప్పటికే ఆలస్యం. ఎండ ఉన్నా సరే, మధ్యాహ్నం మూడు దాటకుండా దిగడం మొదలుపెట్టండి. కొండల చాటున సూర్యుడు తొందరగా మరుగైపోతాడు. మధ్యాహ్నం కరిగిన నీళ్లు నీడ పడిన అరగంటలో మళ్లీ గడ్డకడతాయి.

2024 డిసెంబరు 27న సోలాంగ్ దగ్గర దాదాపు 1,000 వాహనాలు, 5,000 మంది మంచులో చిక్కుకున్నారు. కుల్లూ పోలీసులు వాళ్లను బయటికి తేవాల్సి వచ్చింది. ‘ఇంకాసేపు’ అనుకునే కార్లు వందల్లో ఉంటే రోడ్డంతా ఒకేసారి నిండిపోతుంది.

రోడ్డు మీద మంచే లేదు, ఉత్త తడి. అయినా కారు ఎందుకు జారింది?

అది తడి కాదు. తారు మీద గాజు పలకలా పరుచుకున్న ఐస్. కింద ఉన్న నలుపు కనిపించేంత పల్చగా ఉంటుంది కాబట్టి దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. మన భాషలో లంబసింగిలో పొద్దున్నే కమ్మేసే పొగమంచూ మంచే, ఆకుల మీద చుక్కలూ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే. అందుకే ‘మంచు లేదు’ అనుకుని మోసపోతాం.

అప్పుడే రాలిన మెత్తటి మంచు అడుగు వేస్తే కరకరమంటుంది, అందులో టైరుకు కొంత పట్టు దొరుకుతుంది. పది బండ్లు తొక్కాక అది బిగుసుకుపోతుంది, పట్టు సగం పోతుంది. అదే కరిగి మళ్లీ గడ్డకడితే ఇక ఏ పట్టూ ఉండదు. వంతెనల మీద, నీడ పడే మలుపుల్లో, ఊట నీరు రోడ్డును దాటే చోట్ల ఇది ఎక్కువ. ఒక గుర్తు: ముందు కారు టైర్ల నుంచి నీటి తుంపర లేస్తుంటే అది తడి. రోడ్డు మెరుస్తున్నా తుంపర లేవకపోతే అది ఐస్.

దిగేటప్పుడు బ్రేకు తొక్కితే కారు ఆగకుండా పక్కకు తిరుగుతోంది. ఏం చేయాలి?

బ్రేకు మీద నుంచి కాలు తీయండి. మనసుకు ఇది ఒప్పుకోవడం కష్టమే, కానీ ఆగిపోయిన చక్రం స్టీరింగ్ మాట వినదు, తిరిగే చక్రమే వింటుంది. మీరు ఎటు వెళ్లాలో అటు చూస్తూ, స్టీరింగ్ కొద్ది కొద్దిగా అటే తిప్పండి.

దిగడం మొదలుపెట్టే ముందే మొదటి గేరులోకో రెండో గేరులోకో రండి. తిరుమల ఘాట్ దిగేటప్పుడు గేరులోనే దిగుతాం కదా, ఇక్కడ అంతకంటే ఒక గేరు తక్కువ. న్యూట్రల్‌లో అసలు వద్దు. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) ఉన్న కారులో పెడల్ కింద టకటకమని అదిరితే భయపడకండి, అది పని చేస్తున్నట్టే. కారు ఎలాగూ ఆగేలా లేదనిపిస్తే లోయ వైపు కాకుండా కొండ వైపున్న మంచు గుట్టలోకి మెల్లగా పోనివ్వండి. బంపర్ పోతే పోనీ.

ఎక్కుడులో సగం దాకా వెళ్లి ఆగిపోతున్నాం. కారణం ఏమిటి?

ముందు బండిని అంటిపెట్టుకుని వెళ్లడమే చాలాసార్లు కారణం. అది ఆగితే మీరూ ఆగాలి, మంచులో ఎక్కుడు మీద ఆగిన కారు మళ్లీ కదలడం కష్టం. ముందు బండి ఎక్కుడు పూర్తిగా దాటేదాకా కింద సమతలంలో ఆగండి. తర్వాత రెండో గేరులో, ఒకే వేగంతో, గేరు మార్చకుండా ఎక్కండి. వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

ట్రాఫిక్ అంతా ఆగిపోయింది. పక్కన ఖాళీ ఉంది కదా, ముందుకు వెళ్లొచ్చా?

దయచేసి వెళ్లకండి. రెండో వరుస కట్టిన మొదటి కారే సోలాంగ్ దారిలో గంటల తరబడి జామ్‌కు కారణమవుతుంది. ఆ ఖాళీలోంచే మంచు తోసే యంత్రాలూ అంబులెన్సులూ రావాలి. వాటికి దారి లేకపోతే రోడ్డు శుభ్రం కాదు, రోడ్డు శుభ్రం కాకపోతే మీరూ కదలరు. ఇంకొకటి, టన్నెల్ దగ్గరున్న ధుండీ చుట్టుపక్కల కొండవాలు నుంచి మంచు చరియలు విరిగిపడతాయి. పై నుంచి చెట్లు లేకుండా నున్నగా కిందికి వచ్చే వాగు లాంటి చోటు కనిపిస్తే దాని ఎదురుగా బండి ఆపి ఫొటోలు దిగకండి.

## దిగబడ్డాక

చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలట్లేదు. ముందు ఏం చేయాలి?

యాక్సిలరేటర్ వదిలేయండి. ఇప్పుడే.

నా సంగతి చెప్తాను. సోలాంగ్ దాటాక ఒక మలుపులో కారు ఆగింది. నేను గట్టిగా రేస్ చేశాను. చక్రాల వెనక నుంచి తెల్లగా మంచు ఎగిరింది, కారు ఒక పక్కకు ఒరిగింది, లోపల క్లచ్ కాలిన వాసన నిండిపోయింది. ఇంకా గట్టిగా తొక్కాను. అప్పుడు వెనక ఉన్న జీపు డ్రైవరు, లాహౌల్ పెద్దాయన, అద్దం మీద తట్టి ‘భాయ్‌జీ, రేస్ మత్ దో’ అన్నాడు. కిందికి దిగి నన్నూ వంగి చూడమన్నాడు. టైరు కింద మంచు లేదు. తిరిగి తిరిగి వేడెక్కిన టైరు మంచును కరిగిస్తే, ఆ నీళ్లు గడ్డకట్టి, టైరు ఆకారంలోనే నున్నటి గిన్నె ఒకటి తయారైంది. అద్దంలా మెరుస్తోంది, వేలు పెడితే జారుతోంది. దాన్ని తయారు చేసింది నేనే, అర నిమిషంలో.

ఆయన చేసిన పనే మీకూ చెప్తున్నాను. ముందు కారు వెనక పొగ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. తర్వాత ఇంజన్ తిప్పే చక్రాల ముందూ వెనకా పారతో తవ్వండి. కారు పొట్ట మంచు మీద ఆనుకుని ఉంటే అదీ తవ్వాలి, లేకపోతే చక్రాలు గాల్లో తిరిగినట్టే. ఐస్ గిన్నె అంచును స్పానరుతోనో జాకీ రాడ్డుతోనో కొట్టి గరుకు చేయండి. దాని మీద ఇసుకో, రోడ్డు పక్క గులకరాళ్లో, బూడిదో చల్లండి. ఏదీ లేకపోతే కాళ్ల కింద వేసుకునే మ్యాట్లు తీసి, గరుకు పక్క టైరు వైపుకు పెట్టి, చక్రానికి ఆనించండి. స్టీరింగ్ నిటారుగా పెట్టి, రెండో గేరులో, క్లచ్ చాలా నెమ్మదిగా వదలండి. మొదటి గేరులో చక్రానికి బలం ఎక్కువై మళ్లీ తిరిగిపోతుంది. కదిలాక గట్టి నేల వచ్చేదాకా ఆగకండి, మ్యాట్లు తర్వాత ఎవరైనా నడిచొచ్చి తెస్తారు.

ముందుకీ వెనక్కీ ఊపితే వస్తుందంటారు. నిజమేనా?

నిజమే, నెమ్మదిగా చేస్తే. కొంచెం ముందుకు వెళ్లనిచ్చి, కారు వెనక్కి జారేటప్పుడు రివర్స్‌లో కొంచెం, మళ్లీ ముందుకు. ఊయల ఊపినట్టు ఊపుకు ఊపు కలుపుకోవాలి. ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఉంటే అప్పటికి ఆపేయండి, లేకపోతే చక్రం తిరగగానే ఇంజన్ బలాన్ని అదే కోసేస్తుంది. నాలుగైదు ఊపుల్లో రాకపోతే ఆపేసి పార తీయండి.

మా కారు ఆటోమేటిక్. ఎలా తీయాలి?

మాన్యువల్ మోడ్ ఉంటే అందులో 2 పెట్టండి, స్నో మోడ్ ఉంటే అది. బ్రేకు మెల్లగా వదిలితే చాలు, చాలాసార్లు యాక్సిలరేటర్ అక్కర్లేకుండానే కదులుతుంది. డీ నుంచి ఆర్‌కు మార్చే ప్రతిసారీ కారు పూర్తిగా ఆగాలి. గబగబా మారిస్తే గేర్‌బాక్స్ వేడెక్కి పాడవుతుంది. డీసీటీ, ఏఎంటీ (లోపల క్లచ్ ఉండే ఆటోమేటిక్) కార్లలో క్లచ్ త్వరగా కాలుతుంది కాబట్టి ఒకటి రెండు ప్రయత్నాలకంటే ఎక్కువ వద్దు.

అందరం దిగి తోస్తే?

తోయొచ్చు, కానీ తిరిగే చక్రం వెనక ఎవరూ నిలబడకూడదు. మ్యాట్ గానీ రాయి గానీ ఎగిరొచ్చి మోకాలికి తగులుతుంది. ఎక్కుడులో ఉన్న కారు వెనక అసలు నిలబడొద్దు, అది వెనక్కి జారితే పారిపోవడానికి కాలికి కూడా పట్టు ఉండదు. పిల్లల్ని కొండ వైపు, రోడ్డుకు దూరంగా ఉంచండి.

జీపు వాళ్లు తాడు కట్టి లాగుతామంటున్నారు. కారు పాడవుతుందా?

సరైన చోట కడితే పాడవదు. టూల్ కిట్‌లో గుండ్రటి కన్ను ఉన్న ఇనుప కొక్కెం ఉంటుంది. బంపర్ మీద చిన్న మూత తీసి, దాన్ని పూర్తిగా బిగించాలి. కొన్ని కార్లలో దాని మరలు ఎడమకు తిప్పితేనే బిగుస్తాయి. బంపర్‌కో, సస్పెన్షన్ రాడ్లకో కట్టనివ్వకండి. కుదుపు లేకుండా, తాడు బిగిసేదాకా మెల్లగా వచ్చి, తర్వాత లాగమనండి. తాడు తెగితే కొరడాలా కొడుతుంది, అందుకే దాని పొడవుకు రెట్టింపు దూరంలో అందర్నీ నిలబెట్టండి. డబ్బు సంగతి తాడు కట్టకముందే మాట్లాడుకోండి, అడిగితే తప్పుగా ఏమీ అనుకోరు.

టైర్ల మీద, అద్దం మీద వేడినీళ్లు పోయొచ్చా?

వద్దు. అద్దం పగులుతుంది. టైరు కింద పోసినవి కొన్ని నిమిషాల్లో ఇంకా నున్నటి ఐస్ అవుతాయి.

## రాత్రి కారులోనే గడపాల్సి వస్తే

ఇంజన్ ఆన్‌లో పెట్టి, హీటర్ వేసుకుని పడుకోవచ్చా?

పడుకోకూడదు. ఈ మొత్తంలో మీరు ఒక్క జవాబే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది గుర్తుపెట్టుకోండి.

మంచు కురుస్తుంటే పొగ గొట్టం మీ కళ్ల ముందే పూడిపోతుంది. బయటికి పోయే దారి లేని పొగ కారు కింద చేరి, సందుల్లోంచి లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మొదట తలనొప్పి, వికారం, తర్వాత నిద్ర. అలసట వల్ల వచ్చిన నిద్రే అనుకుంటాం. పాకిస్థాన్‌లోని ముర్రీ కొండల మీద 2022 జనవరి 7 రాత్రి మంచు తుపానులో వేల కార్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి 20 మందికి పైగా చనిపోయారు, చాలామంది తమ కార్లలోనే, పిల్లలతో సహా. చలితోపాటు ఈ విషవాయువు కూడా కారణమని అప్పుడు అధికారులు చెప్పారు. వాళ్లూ మనలాగే సెలవులకు మంచు చూడటానికి వెళ్లినవాళ్లు.

గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజన్ వేయండి. వేసే ముందు ప్రతిసారీ ఒకరు దిగి, పొగ గొట్టం చుట్టూ రెండడుగుల మేర మంచు తీసి రావాలి. ఇంజన్ నడుస్తున్నంతసేపు గాలి కొట్టని వైపు కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి. కిటికీ తెరిచినంత మాత్రాన గొట్టం సంగతి మర్చిపోకండి. పెద్దవాళ్లలో ఒకరు ఎప్పుడూ మెలకువగా ఉండాలి, గంటకొకరు వంతులేసుకోండి. నిలబడి ఉన్న చిన్న పెట్రోల్ కారు గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది, ఈ లెక్కన రాత్రంతా రెండు లీటర్లు చాలు. కారులో బొగ్గుల కుంపటి, గ్యాస్ స్టవ్ ఏ పరిస్థితిలోనూ వద్దు. తలుపులు మూసిన హోటల్ గదిలోనూ కుంపటి వద్దు.

హోటల్ మూడు కిలోమీటర్లే. నడిచి వెళ్లిపోతే?

మంచు కురుస్తుంటే, చీకటి పడితే వెళ్లొద్దు. తెల్లటి మంచులో రోడ్డేదో లోయేదో తెలియదు. కారు చిన్న గది లాంటిది, గాలిని ఆపుతుంది, వెతికేవాళ్లకు కనిపిస్తుంది. ఎర్రటి చున్నీ ఏదైనా యాంటెన్నాకో అద్దానికో కట్టండి. పోలీసులో సరిహద్దు రహదారుల సంస్థ మనుషులో వచ్చి నడిపించుకు వెళ్తామంటే మాత్రం కారు వదిలేసి వెళ్లండి, తాళం వాళ్లు అడిగితే ఇచ్చేయండి.

ఎవరికి ఫోన్ చేయాలి? ఏం చెప్పాలి?

112కి చేయండి. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ అందితే ఆ కాల్ వెళ్తుంది. ఎక్కడున్నారు, ఎంతమంది, అందులో పిల్లలూ వృద్ధులూ జబ్బుపడ్డవాళ్లూ ఎవరు, పెట్రోలు ఎంత ఉంది. ఇవి ముందు చెప్పండి. హైదరాబాద్‌లో ఇంటివాళ్లలో ఒక్కరికే లొకేషన్ పంపి, మిగతావాళ్లందరికీ వాళ్లనే చెప్పమనండి. పదిమంది ‘ఎలా ఉన్నారు’ అని చేస్తే ఛార్జింగ్ అయిపోతుంది. ఒక ఫోన్ ఆపి, లోపలి జేబులో ఒంటికి ఆనించి దాచండి, చలిలో బ్యాటరీ త్వరగా పడిపోతుంది.

పిల్లలూ అమ్మానాన్నలూ ఉన్నారు. ఏం గమనించాలి?

తడిసిన బట్టలు ముందు. మంచులో ఆడిన పిల్లల సాక్సులు, జీన్స్ తడిగా ఉంటాయి, అవి ఒంటి వేడినంతా లాగేస్తాయి. వెంటనే విప్పించి పొడివి వేయండి. పిల్లల్ని ఇద్దరు పెద్దవాళ్ల మధ్య, ఒకే దుప్పటి కింద కూర్చోబెట్టండి. తలకు మఫ్లరో, ఏదీ లేకపోతే తువ్వాలో చుట్టండి.

వణకడం మంచిదే, శరీరం పోరాడుతోందని అర్థం. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోయినా, మాట ముద్దగా వస్తున్నా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా అది ప్రమాదం. వెంటనే 112కి మళ్లీ చెప్పి, వాళ్లను ఒంటికి హత్తుకుని వెచ్చబెట్టండి. మొద్దుబారిన వేళ్లను మంచుతో రుద్దకండి, గట్టిగా అసలు రుద్దకండి, చంకలో పెట్టుకోమనండి. దాహమేస్తే మంచు తినకండి, దాన్ని కరిగించడానికి ఒంటి వేడే ఖర్చవుతుంది.

చలికి ఒక పెగ్గు వేస్తే నష్టమేంటి?

మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అందుకే వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి బయటికి పోతోంది. పైగా మెలకువగా ఉండాల్సిన మనిషి నిద్రలోకి జారుకుంటాడు.

మాది ఎలక్ట్రిక్ కారు. పొగ భయం లేదు కదా?

పొగ భయం లేదు, అది నిజంగా పెద్ద ఊరట. కానీ చలిలో రేంజ్ తగ్గుతుంది, హీటర్ ఇంకా లాగుతుంది. క్యాబిన్ మొత్తం వేడి చేసే బదులు, సీటు హీటర్లు ఉంటే అవి వాడుకుంటూ దుప్పట్లు కప్పుకోండి. అరవై శాతం కంటే తక్కువ ఛార్జింగ్‌తో మనాలి దాటొద్దు.

మేం కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉంటాం, అక్కడి కొండల్లో ఉన్న టాహో వెళ్తున్నాం. అక్కడా ఇవే పద్ధతులా?

తవ్వడం, పొగ గొట్టం, కారులోనే ఉండటం, ఇవన్నీ అవే. అదనంగా కాలిఫోర్నియాలో చైన్ల నిబంధన ఉంది. బోర్డు మీద ఆర్1 అని ఉంటే, ఇంజన్ తిప్పే చక్రాలకు స్నో టైర్లున్న చిన్న వాహనాలకు చైన్లు వేయనక్కర్లేదు, కానీ బండిలో ఉండాలి. ఆర్2లో నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఫోర్ వీల్, ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకే ఆ వెసులుబాటు. ఆర్3లో అందరూ వేయాల్సిందే, మామూలుగా అంతదాకా రాకముందే రోడ్డు మూసేస్తారు. చైన్లు ఊళ్లోనే కొనుక్కుని వెళ్లండి, కొండ మీద ధర ఎక్కువ.

## బయటపడ్డాక

రాత్రి హోటల్ బయట కారు ఎలా పెట్టాలి?

హ్యాండ్‌బ్రేక్ వేయకండి, తడిసిన బ్రేకులు రాత్రి గడ్డకట్టి పట్టేస్తాయి. గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు ఆనించండి. వైపర్లు పైకి లేపి ఉంచండి. హోటల్ కప్పు చివరల కింద కారు పెట్టకండి, పొద్దున్నే అక్కడి నుంచి మంచు పెళ్లలుగా జారి అద్దం మీద పడుతుంది.

బయటికి తీశాం. ఇక కారుకు ఏమైనా చూడాలా?

మొదటి వెడల్పాటి చోట ఆగి, కారు చుట్టూ ఒకసారి తిరగండి. కింద ఇంజన్ మూత వేలాడుతోందేమో, పొగ గొట్టం ఊగుతోందేమో చూడండి. పై కప్పు మీది మంచు పూర్తిగా తోసేయండి, లేకపోతే మొదటి బ్రేకుకే అది ముందుకు జారి మీ అద్దాన్ని కప్పేస్తుంది. ఎక్కుడులో ఇంజన్ హోరెత్తినా వేగం పెరగకపోతే క్లచ్ కాలినట్టే, కుల్లూలో చూపించుకోండి.

మనాలి దిగాక, అరవై వేగంలో స్టీరింగ్ గడగడా వణకడం మొదలైతే చాలామంది హడలిపోయి నాకు ఫోన్ చేస్తారు. ఆ రోజు నాకూ అలాగే అయింది, యాక్సిల్ వంగిందేమోనని రోడ్డు పక్కన ఆపేశాను. చక్రాల రిమ్ముల లోపలి వైపు మంచు ఒక పక్కనే గట్టిగా పేరుకుపోయి ఉంది. పార కర్రతో నాలుగు దెబ్బలు కొడితే పెళ్లలుగా ఊడిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే స్టీరింగ్ వణకలేదు.